మూత్రపిండ వ్యాధియు, దేహమునందలి కాపలాయు
(కంచిలిలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున మా శాఖ తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ఉద్దానమను పేరు ఉద్యానమను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఇచ్ఛాపురము మొదలు కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన సీమ ఇది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చినది. కూలిన చెట్టు అందరి కంటికిని కనబడినది. దానికి లెక్కలు కట్టినారు; రైతులు మరల మొక్కలు నాటినారు. కాని అంతకు ఎన్నో ఏండ్ల ముందునుండియు ఇదే సీమలో కంటికి కనబడని నష్టమొకటి జరుగుచున్నది. కష్టించి పనిచేయు వయసులోని స్త్రీ పురుషులకు మూత్రపిండములు మెల్లమెల్లగా చెడిపోవుచున్నవి. వారిలో పలువురకు మధుమేహము లేదు. తొలుత రక్తపు పోటును లేదు. అందుచేతనే వైద్యులు దీనిని కారణము తెలియని దీర్ఘకాల మూత్రపిండ వ్యాధియని పిలుచుచున్నారు.

మేము గ్రామములకు పోయినపుడు వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు. “ఎన్నిమారులు మా నెత్తురు తీసికొనిపోవుదురు? ఇంతవరకు ఏమి తేల్చినారు?” అని ప్రజలు అడుగుచున్నారు. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము చెప్పకుండ, పరిశోధకులకు తోడ్పడుడని మిమ్ము కోరుట ధర్మము కాదు. కావున మూత్రపిండమనగానేమి, మన దేహమునందలి రోగనిరోధక వ్యవస్థకు ఈ వ్యాధిలోగల పాత్ర ఎట్టిది, పరిశోధన ఎంతవరకు వచ్చినది, పంచాయతీలు చేయదగిన పని యేది అను నాలుగు విషయములు నేడు మీకు విన్నవించుకొందుము.

మూత్రపిండము చేయు పని

నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడు గింజ ఆకారములో మూత్రపిండములు రెండున్నవి. ఒక్కొక్కటి పిడికిలియంత, బరువు సుమారు 150 గ్రాములు. గుండె పంపు రక్తములో ఇంచుమించు అయిదవ వంతు వీనిగుండ పోవుచుండును. ఒక్కొక్క పిండములో సుమారు పది లక్షల జల్లెడలున్నవి. ఒక్కొక్క జల్లెడకు దిగువన సన్నని కాలువ యొకటి కలదు. ఒక పగలు, ఒక రాత్రిలో ఈ జల్లెడలు సుమారు 180 లీటర్ల నీటిని వడపోయును. కాలువలు అందులో పనికివచ్చు నీటిని, ఉప్పులను తిరిగి రక్తములోనికి చేర్చి, పనికిమాలిన దానిని ఒకటి రెండు లీటర్ల మూత్రముగా పంపివేయును. రక్తము వృద్ధియగుటకు, ఎముకలు గట్టిపడుటకు, రక్తపు పోటు అదుపులో నుండుటకు కూడ మూత్రపిండములే ఆధారము.

ఇంత పని చేయు ఈ అవయవము తన బాధను త్వరగా బయటపెట్టదు. కొబ్బరి రైతులైన మీకు ఎర్రముక్కు పురుగు సంగతి తెలియును. అది మ్రానులో చేరి లోపల తొలుచుచున్నను, పైన మట్టలు పచ్చగనే యుండును. మువ్వు వ్రాలినపుడు చూచినచో లోపల గుల్లయై యుండును. మూత్రపిండ వ్యాధియు అట్టిదే. సగము పని పోవువరకు మనిషికి బాధ తెలియకపోవచ్చును. ఆకలి తగ్గుట, ఆయాసము, కాళ్ల వాపు, వాంతులు కనబడుసరికి వ్యాధి ముదిరి యుండును. అప్పుడు పరుగెత్తుట చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లగును.

దేహమునందలి కాపలా

ఊరికి కావలివాడున్నట్లే మన దేహమునకును కాపలా బలగమొకటి కలదు. దానినే రోగనిరోధక వ్యవస్థ యందురు. ఎముకలలోని మూలుగలో పుట్టు తెల్లరక్తకణములు ఈ బలగములోని భటులు. ఇవి ఒళ్లంతయు తిరుగుచు, ఇది మనది, ఇది పరాయిది అని గుర్తించుచుండును. పరాయి క్రిమి కనబడిన యెడల కొన్ని కణములు దానిని మింగివేయును. మరికొన్ని ప్రతిరక్షకములను పదార్థములను తయారుచేసి దానిపై ప్రయోగించును. ఒకమారు చూచిన శత్రువును ఇవి మరల గుర్తుపట్టును. టీకాలు పనిచేయుట ఈ జ్ఞాపకము వలననే.

ఈ కాపలా లేనిచో మనము ఎక్కువ కాలము బ్రతుకజాలము. ఐనను ఆ కాపలా వలననే మూత్రపిండమునకు హాని కలుగు సందర్భములు కలవు. పరిశోధకులు వానిని ముఖ్యముగా రెండు విధములుగా చూచుచున్నారు.

కంచె చేను మేయుట

మొదటిది గుర్తింపులో పొరపాటు. కంచెయే చేను మేసినట్లు, కాపలా బలగము సొంత అవయవము పైననే పడును. లేదా క్రిమిపై ప్రయోగించిన ప్రతిరక్షకములు ముద్దలు కట్టి జల్లెడలలో చిక్కుకొనును. రక్తమంతయు వచ్చి పోవు చోటు గనుక మూత్రపిండము ఈ దెబ్బకు తరచుగా గురియగును.

పిల్లలలో దీనికి తార్కాణము మన యిండ్లలోనే కలదు. గజ్జి ముదిరి పుండ్లు పడినపుడు గాని, గొంతు నొప్పి వచ్చినపుడు గాని ఒక జాతి సూక్ష్మక్రిమి చేరును. పుండు మానిన తరువాత, ఒకటి మొదలు ఆరు వారములలో, కొందరు పిల్లలకు ముఖము ఉబ్బును. మూత్రము టీ డికాక్షను రంగులో వచ్చును. క్రిమి నేరుగా మూత్రపిండమును చేరి చేసిన పని కాదిది. దానిని ఎదిరించుటకు పుట్టిన ప్రతిరక్షకముల వలన జల్లెడలు వాచుటయే దీనికి మూలము. చాలమంది పిల్లలు వైద్యముతో కోలుకొందురు. కావున గజ్జి పుండ్లను చిన్న విషయమని ఉపేక్షింపకూడదు. పెద్దవారిలో, ముఖ్యముగా స్త్రీలలో వచ్చు లూపస్ అను జబ్బు కూడ ఈ కోవకు చెందినదే. ఇట్టి వ్యాధులలో మూత్రమునందు మాంసకృత్తు గాని, రక్తము గాని ఎక్కువగా కనబడును. కాపలాను కొంత అణచు స్టీరాయిడ్లు మొదలగు మందులు వీనికి పనిచేయును.

ఆరని నిప్పు

రెండవది ఉద్దానమునకు దగ్గరి సంగతి. శ్రీలంకలోను, మధ్య అమెరికాలోను ఇట్టి వ్యాధి గలవారి మూత్రపిండమునుండి సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచినపుడు, జల్లెడలకంటె కాలువల చుట్టును చెడుగు ఎక్కువగా కనబడినది. కాలువల నడుమ తెల్లరక్తకణములు గుమిగూడియుండును; మెత్తని కండ పోయి, ఎండిన పుండు మచ్చవలె గట్టి నార పేరుకొనియుండును.

ఇది ఎట్లు జరుగునో ఒక ఉపమానముతో చెప్పుదుము. ఊరిలో పూరింటికి నిప్పంటుకొన్నది. ఊరివారు పరుగున వచ్చి నీరు పోయుదురు. మంట వ్యాపింపకుండ ప్రక్క యింటి కప్పు కూడ లాగివేయుదురు. మంట ఆరిన తరువాత ఇండ్లకు పోవుదురు. ఆ నష్టము కొద్దిది. కాని ఎచ్చటనో నిప్పు ఆరక, దినదినమును రాజుకొనుచున్నచో, వారు ప్రతిదినమును వచ్చి కప్పులు లాగుచునే యుందురు. కొంత కాలమునకు ఆ వీధిలో ఇల్లనునది మిగులదు. ఊరివారు శత్రువులు కారు. నిప్పు ఆరకపోవుటయే చేటు. మూత్రపిండములోను కాలువల గోడలకు గాయమైనపుడు కాపలా కణములు బాగుచేయుటకే వచ్చును. గాయము మాటిమాటికి తగులుచున్నయెడల ఆ బాగుచేయు పనియే మచ్చగా మారును.

ఇందు ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. ఉద్దానపు వ్యాధికి కాపలా బలగమే మొదటి దోషి యని ఎవరును రుజువు చేయలేదు. మొదటి గాయము చేయునది వేరొకటి. ఆ గాయమును పెంచి మచ్చగా మార్చుటలో కాపలా పాత్ర యున్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అందుచేత లూపస్ వంటి జబ్బులకు ఇచ్చు స్టీరాయిడ్లు దీనికిని మందని తలచి, ఎవరో చెప్పినారని సూదులు వేయించుకొనరాదు. అవి ఈ వ్యాధిని నయము చేయునని రుజువు లేదు. క్రిములను ఎదిరించు శక్తిని మాత్రము తగ్గించును.

పరిశోధన ఎంతవరకు వచ్చినది

వ్యాధి యెంత విస్తరించినదో నేడు తెలిసినది. 2019లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఈ సీమలో రెండు వేలకు పైబడి జనులను పరీక్షింపగా నూటికి 18 మందికి వ్యాధి యున్నట్లు తేలినది. 2020లో జార్జ్ ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రచురించిన మరియొక పరిశీలనలో నూటికి 21 మంది. అనగా పెద్దవారిలో ఇంచుమించు ప్రతి అయిదుగురిలో ఒకరు. ఈ లెక్క దొరకినది మీరిచ్చిన నెత్తురు వలననే. ఆ లెక్కయే లేనిచో, ఇది ఉద్దానపు ప్రజల బాధ యని బయటి లోకము నమ్మి యుండెడిది కాదు.

కారణమును గూర్చి నీటిలోని సిలికా, పురుగుమందులు, భార లోహములు, ఎండలో చాలినంత నీరు త్రాగక చేయు శ్రమ, ఒళ్లునొప్పుల బిళ్లలు, వంశపారంపర్యముగా వచ్చు బలహీనత—ఇన్నింటిని పరిశీలించుచున్నారు. ఇంతవరకు ఏ ఒక్కటియు ఇదే యని తేలలేదు. పెక్కు కారణములు కలిసి పనిచేయుచుండవచ్చుననియు కొందరి అభిప్రాయము. ఈ బాధ మనకొక్కరికే కాదు. శ్రీలంకలో అనురాధపురము, పొలన్నరువ ప్రాంతముల వరి రైతులును, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా దేశముల చెరకు కూలీలును దీనికే బలియగుచున్నారు. ఆ చెరకు తోటలలో కూలీలకు నీరు, నీడ, విరామము ఏర్పాటు చేసి చూడగా, ఏర్పాటు చక్కగా సాగిన చోట మూత్రపిండమునకు తగులు గాయము తగ్గినది. మూలము పూర్తిగా తెలియకున్నను మేలు చేయవచ్చుననుటకు ఇది నిదర్శనము.

పరిశోధనకు ఏండ్లేల పట్టుననుటకు మరియొక కథ కలదు. ఐరోపాలో డాన్యూబు నది ఉపనదుల వెంట నున్న పల్లెలలో ఇట్టి మూత్రపిండ వ్యాధినే 1950లలో వైద్యులు వర్ణించిరి. అచ్చటి వారును నీటిని అనుమానించిరి, లోహములను అనుమానించిరి. 1969లో ఒక శాస్త్రజ్ఞుడు గోధుమ చేలలో మొలచు ఒక కలుపు మొక్కపై దృష్టి పెట్టెను. దాని గింజలు గోధుమలతో కలిసి పిండియై రొట్టెలలో చేరుచుండెను. 1990లలో బెల్జియములో ఒళ్లు తగ్గుటకు అదే జాతి మొక్క కలిసిన మూలికలు తిన్న స్త్రీలకు మూత్రపిండములు చెడిపోవుటతో అనుమానము బలపడెను. 2007లో రోగుల మూత్రపిండ కణములలోనే ఆ విషపు జాడ పట్టుబడెను. వ్యాధిని గుర్తించిన నాటినుండి దోషిని పట్టుటకు అర్ధ శతాబ్దము పట్టినది. పల్లెలవారు ఓర్పుతో ముక్కలు, నెత్తురు ఇచ్చియుండనిచో అదియు సాధ్యమై యుండెడిది కాదు. మన యెడ ఈశ్వరి యని నాటువైద్యములో వాడు తీగ ఆ జాతిలోనిదే. కావున చెట్టు మందు గనుక చెరుపు చేయదని ధైర్యపడుట తగదు.

ఇక మన చెంత జరిగిన పని. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, దానితో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. వంశధార నీటిని హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా ఉద్దానపు గ్రామములకు తెచ్చు పథకము కూడ ఆ దినముననే ప్రారంభమైనది. రక్తశుద్ధికై ఒకప్పుడు విశాఖపట్టణము వరకు పోవలసి వచ్చెడిది. నేడు ఆ సౌకర్యము ఈ సీమలోనే కలదు.

అవయవ మార్పిడి

పూర్తిగా చెడిన మూత్రపిండమునకు బదులు మరియొకరిది అమర్చుటలోను కాపలా బలగముతోనే పేచీ. అది ఆ పిండమును పరాయిదని తరిమివేయజూచును. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టను నగరమున డాక్టర్ జోసెఫ్ మర్రే మొదటిమారు ఈ చికిత్సలో కృతార్థుడయ్యెను. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకే పోలిక గల కవలలు గనుక కాపలా అడ్డు చెప్పలేదు. పిదప కాపలాను అదుపులో నుంచు మందులు వచ్చినవి. ఇతరుల పిండము కూడ అమర్చుట సాధ్యమైనది. ఆ మందులు జీవితాంతము మానకూడదు. మన దేశమున 1994 నాటి చట్టము అవయవముల అమ్మకమును నేరముగా నిషేధించినది. దళారులు గ్రామములలోనికి వచ్చిన యెడల పోలీసువారికి తెలుపుట పంచాయతీ ధర్మము.

పంచాయతీలు చేయదగిన పని

మొదటిది, పరీక్ష. ఈ రకపు వ్యాధిలో తొలిదశయందు మూత్రములో మాంసకృత్తు అంతగా పోకపోవచ్చును. కావున మూత్రపరీక్ష ఒక్కటి చాలదు. రక్తములో క్రియాటినిన్ ఎంత యున్నదో చూడవలెను. గ్రామములోని పెద్దవారందరును ఏడాదికొకమారు ఈ పరీక్ష చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తలతో కలిసి దినము నిర్ణయింపుడు. ఆ దినమున వార్డు సభ్యులే ముందు తమ చేయి చాచినచో తక్కినవారి భయము తీరును.

రెండవది, మందుల విషయము. రోజంతయు తోటలో పనిచేసి, సాయంకాలము డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు వేసికొను అలవాటు పల్లెలలో కలదు. ఇవి మూత్రపిండమునకు పోవు రక్తమును తగ్గించును. కొందరిలో కాపలా బలగమును రెచ్చగొట్టి కాలువల చుట్టును వాపు పుట్టించును. వైద్యుని చీటి లేనిదే వీనిని వాడకూడదని దండోరా వేయింపుడు. దుకాణదారులకు నచ్చజెప్పుడు.

మూడవది, నీరు, నీడ. ఉపాధి హామీ పనుల వద్దను, తోటలలోను మంచినీరు, నీడ, మధ్యమధ్య విరామము ఉండునట్లు చూడుడు. ఎండ ముదరకముందే బరువు పని ముగియునట్లు వేళలు మార్చుడు. కొళాయి నీరు వచ్చు గ్రామములలో గొట్టములు పగిలినపుడు ఆ దినముననే బాగుచేయింపుడు. ఐతే వ్యాధి ముదిరి కాళ్లు వాచినవారు ఎంత నీరు త్రాగవలెనో వైద్యుడే చెప్పవలెను.

నాల్గవది, మరణముల నమోదు. 21 దినములలోపల పంచాయతీ కార్యదర్శి వద్ద మరణమును నమోదు చేయించునపుడు, మూత్రపిండ వ్యాధి యున్నచో ఆ మాట వ్రాయింపుడు. పరువు పోవునని, ఇంటిలోని పిల్లకు సంబంధములు రావని దాచువారు కలరు. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. దాచిన మరణము లెక్కలోనికి రాదు. లెక్కలోనికి రాని మరణము వలన ఎవరికిని మేలు జరుగదు.

ఐదవది, రోగులను కాపాడుట. మూత్రపిండము చెడినకొలది దేహపు కాపలా కూడ బలహీనమగును. చిన్న జ్వరము పెద్దదగును. క్షయ సోకు ప్రమాదము హెచ్చును. అట్టివారికి కామెర్లు కలిగించు హెపటైటిస్ బి క్రిమికి ప్రతిగా టీకా వేయింపవలెను. దగ్గు విడువనిచో కఫము పరీక్ష చేయింపవలెను. వారమునకు రెండు మూడు మారులు రక్తశుద్ధికి పోవువారికి వాహనము, తోడు దొరకునట్లు చూచుట గ్రామమంతటి బాధ్యత.

ఇక చివరి మాట పరిశోధకులతో వ్యవహారమును గూర్చినది. నెత్తురు ఇచ్చుట, ఇవ్వకుండుట ఆ మనిషి ఇష్టము. సమ్మతి పత్రమును తెలుగులో చదివి వినిపింపవలెనని అడుగు హక్కు మీకున్నది. ఎందుకు తీయుచున్నారు, ఎవరి పరీక్ష ఫలితము వారికి ఎప్పుడు తెలుపుదురు, పరిశీలన ముగిసిన పిదప గ్రామమునకు వచ్చి ఏమి తేలినదో చెప్పుదురా అని అడుగుడు. వచ్చు గ్రామసభలో ఈ మూడు షరతులను తీర్మానముగా వ్రాసికొనుడు. షరతులకు ఒప్పుకొన్న పరిశోధకులకు ఇల్లిల్లు చూపింపుడు; జాబితాలు అందింపుడు; చెప్పిన దినమున జనులను సమకూర్పుడు.

నేడు ఇచ్చిన నెత్తురు రేపటికి ఫలితమియ్యకపోవచ్చును. కొబ్బరి మొక్క నాటినవాడు మరునాడు కాయ కోయడు. అయినను నాటుట మానడు. మీ ఓపికయు, పరిశోధకుల నిజాయితీయు కలిసినపుడే ఆ మొదటి గాయము చేయు దోషి పట్టుబడును. అంతవరకు చేతిలోనున్న ఈ అయిదు పనులు ఆగనవసరము లేదు.

 సందేహములున్న సభ్యులు ఇప్పుడు అడుగవలెనని కోరుచున్నాము.